దింపుడు కళ్ళం దాటి

"దింపుడు కళ్ళం ఆశ" అనే మాట మనందరం వాడతాం. పరీక్ష పోయిందని తెలిసీ ఫలితాల పేపరు చూసే పిల్లాడిది దింపుడు కళ్ళం ఆశ. డిపాజిట్టు కూడా రాదని తెలిసీ కౌంటింగ్ కేంద్రం దగ్గర నిలబడే అభ్యర్థిది దింపుడు కళ్ళం ఆశ. నేనూ ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెబుతూ ఈ మాట ఎన్నోసార్లు వాడాను. కానీ 2016 దాకా ఆ కళ్ళం ఎలా ఉంటుందో నేను చూడలేదు. మా ఇంటి ఆడవాళ్ళెవరూ చూడలేదు. నుడికారం మనది, చోటు మాత్రం మనది కాదు.

తెలియనివాళ్ళు ఉంటే చెబుతాను. శవాన్ని ఇంటి నుంచి శ్మశానానికి మోసుకెళ్తూ దారి మధ్యలో ఒకచోట పాడె దించుతారు. కర్మ చేసేవాడో, బాగా దగ్గరవాడో వంగి, చనిపోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. పలికితే వెనక్కి, లేకపోతే ముందుకి. పలుకుతారని ఎవరికీ నమ్మకం ఉండదు. అయినా పిలుస్తారు.

దీన్ని మూఢాచారం అనడం తేలిక. చిన్నప్పుడు నేనూ అన్నాను. చరిత్ర చదువుకున్నాక నాకు ఇందులో ఒక పరీక్ష కనిపించింది. డాక్టరు లేని ఊళ్ళో, మనిషి నిజంగా చనిపోయాడా లేదా అని నిప్పు పెట్టకముందు చివరిసారి చూసుకునే పద్ధతి. చావు అంత తేలిగ్గా తెలిసేది కాదని మన పల్లెలకి తెలుసు.

నిజానికి చావు ఒక క్షణం కాదు. ఊపిరి, గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకి మెదడులో కణాలు చావడం మొదలుపెడతాయి. అప్పటికి చర్మానికీ ఎముకకీ ఇంకా సంగతి తెలియదు. కంటి ముందుండే కార్నియా పొరలో రక్తనాళాలే ఉండవు కాబట్టి అది గంటల తరబడి పనికొచ్చే స్థితిలో ఉంటుంది. ఆరు గంటల్లోపు తీస్తే ఇంకొకరికి అమర్చవచ్చు. కండరాలు వదులవడానికి కావలసిన శక్తి కణాల్లో అయిపోయాక కొన్ని గంటలకి ఒళ్ళు బిగుసుకుంటుంది, ఒకటి రెండు రోజులకి మళ్ళీ సడలుతుంది. అంటే మనిషి ఒకేసారి పోడు, విడతలు విడతలుగా పోతాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. చావు చివర్లో వచ్చి కూర్చునే అతిథి కాదు. కడుపులో బిడ్డ చేయి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ళ మధ్య ఉన్న కణాలు తమంతట తాము చచ్చిపోతేనే ఐదు వేళ్ళు విడివడతాయి. కణాలకి పుట్టుకతోనే ఈ చావు రాసిపెట్టి ఉంటుందని ఒక చిన్న నులిపురుగు మీద పనిచేసి తేల్చిన బ్రెనర్, హోర్విట్జ్, సల్‌స్టన్‌లకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వ్యాసం రాస్తున్న నా వేళ్ళు కూడా ఆ చావుల పుణ్యమే.

మరి ఇన్ని విడతల్లో "ఇదిగో, ఇక్కడ చనిపోయాడు" అని గీత గీసేది ఎవరు? ఆ గీత ఎక్కడ గీస్తారు? జీవశాస్త్రం ఒక ప్రవాహాన్ని చూపిస్తుంది. గీత గీసేది సమాజం. ఆ గీత గీసే చోట ఆడవాళ్ళు ఎక్కడున్నారన్నది నా ప్రశ్న.

యూరపుని కూడా ఈ భయం పట్టి పీడించింది. కుళ్ళడం మొదలైతే తప్ప మనిషి చనిపోయాడని నమ్మడానికి లేదని 1740లో పారిస్‌లో విన్‌స్లో అనే శరీరశాస్త్రవేత్త వాదించాడు. ఆ శతాబ్దం చివర జర్మనీలోని వైమార్‌లో హుఫెలాండ్ అనే వైద్యుడి ప్రోద్బలంతో శవాలను కొద్ది రోజులు కాపలా కాసే ఇళ్ళు వెలిశాయి. అవి వాళ్ళ దింపుడు కళ్ళాలు.

1816లో పారిస్‌లోనే లెన్నెక్ స్టెతస్కోపు కనిపెట్టాడు. ఎందుకు కనిపెట్టాడో మీకు తెలుసా? గుండె జబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆమె ఛాతీ మీద చెవి ఆనించి వినడం ఆమె వయసుకీ ఆడతనానికీ తగదనిపించింది. కాగితాలు గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద, ఒక కొస తన చెవికి పెట్టుకున్నాడు. గుండె చప్పుడు అంతకుముందెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. ప్రపంచమంతా చావుని నిర్ధారించే పరికరం ఒక ఆడమనిషి ఒంటికీ ఒక మగ చెవికీ మధ్య ఉంచిన దూరంలోంచి పుట్టింది. ఆమె పేరు చరిత్రలో లేదు.

*

1985లో మా నాన్న పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. శవానికి నీళ్ళు పోయడానికి, పసుపు రాయడానికి, దగ్గర కూర్చుని శోకాలు తీయడానికి ఆడవాళ్ళు కావాలి. పాడె లేచాక మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. "ఆడపిల్లలు రాకూడదమ్మా, గుండె తట్టుకోలేదు" అన్నాడు మా పెద్దనాన్న. అంతకు ముందు రాత్రంతా నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గుండె అమ్మది. అది ఎందుకు తట్టుకోలేదో నాకు అర్థం కాలేదు.

అయితే ఆ గుండె తట్టుకోవలసింది వేరే ఉంది. పదో రోజు తెల్లవారకముందే ఇద్దరు ముసలి వితంతువులు వచ్చి అమ్మని బావి దగ్గరికి తీసుకెళ్ళారు. ముత్తయిదువలంతా గదుల్లోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు, ఆమె మొహం ముందుగా చూడకూడదట. నేను వంటింటి కిటికీ చెక్క సందులోంచి చూశాను. చివరిసారిగా పువ్వులు పెట్టారు, నిండా గాజులు వేశారు, ఇంత బొట్టు పెట్టారు. తరవాత ఒక్కొక్కటీ తీశారు. గాజులు పగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పి ఆమెను ఒక మూల కూర్చోబెట్టారు. అమ్మకి అప్పుడు నలభై నిండలేదు.

శవానికి చేసినవన్నీ ఆమెకీ చేశారు. స్నానం చేయించారు, అలంకరించారు, నలుగురూ చుట్టూ చేరి ఏడ్చారు, మొహం కప్పారు. ఒక్క నిప్పు తప్ప. మెదడు చచ్చిపోయి గుండె కొట్టుకుంటున్న మనిషిని ఏమనాలి అని డాక్టర్లు 1968లో తలలు పట్టుకున్నారని తరవాత చదివాను. గుండె కొట్టుకుంటున్న మనిషిని చనిపోయినట్టు ప్రకటించడం మన సమాజానికి ఎన్నో తరాల ముందే తెలుసు.

ఇది నా ఉక్రోషంతో అంటున్న మాట కాదు. చట్టం అక్షరాలా ఈ మాటే రాసింది. 1856 వితంతు పునర్వివాహ చట్టాన్ని మనం సంస్కరణ పాఠంలో చదువుకున్నాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు పెళ్ళి గురించి చదువుకున్నాం. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు వెలేసి వెళ్ళిపోతే రాజ్యలక్ష్మమ్మ స్వయంగా నీళ్ళు మోసి వండి పెట్టిందని చదువుకున్నాం. కానీ ఆ చట్టంలో రెండో సెక్షన్ ఏం చెప్పిందో నేను ఎం.ఏ. దాకా వినలేదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, మొదటి భర్త ఆస్తిలో ఆమెకున్న హక్కులన్నీ ఆ రోజు ఆమె చనిపోయి ఉంటే ఎలా పోయేవో అలా పోతాయి. భర్త తరఫు వారసులు వచ్చి తీసుకోవచ్చు. చట్టం ఆమెకి పెళ్ళి హక్కు ఇచ్చిన చేత్తోనే మరణ ధ్రువపత్రం కూడా ఇచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను "మన సమాజం" అంటున్నాను కానీ అది ఏ సమాజం? మారుమనువు ఎన్నో శూద్ర, దళిత కులాల్లో ఎప్పటినుంచో ఉంది. అక్కడ ఆడవాళ్ళు శవం వెంట నడిచి వెళ్ళిన ఊళ్ళూ ఉన్నాయి. కాటి దగ్గర గొయ్యి తవ్వేదీ, కట్టెలు పేర్చేదీ, చావు డప్పు కొట్టేదీ ఎవరో మనకి తెలుసు. ఊరందరి చావునీ చేత్తో ముట్టుకునే ఆ కులాలకే ఊరు మైల అంటగట్టింది. పైకులాల ఇంటి నియమాన్ని తెలుగువాళ్ళ ఆచారం అని రాసేస్తే, మనం కూడా ఆ పైకులాల పుస్తకమే రాసినవాళ్ళమవుతాం. పై చట్టం చేసిన పని ఇంకా విడ్డూరం. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల వితంతువుకి కూడా ఈ రెండో సెక్షన్ వర్తిస్తుందా? వర్తించదని అలహాబాదు హైకోర్టు అంది. వర్తిస్తుందని కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులు అన్నాయి. అంటే మన మద్రాసు రాష్ట్రంలో, పెళ్ళి చేసుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేని ఆడవాళ్ళకి కూడా ఈ చట్టం చావు మాత్రం పంచింది. ఈ చట్టం 1983లో గానీ రద్దు కాలేదు.

*

మా అమ్మమ్మ ఊరు పెనుగంచిప్రోలుకి దగ్గర. చిన్నప్పుడు తిరుపతమ్మ తిరునాళ్ళకి బండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం. అత్తగారి ఆరళ్ళు పడ్డ కోడలు తిరుపతమ్మ. పశువుల కోసం అడవికెళ్ళిన గోపయ్యని పులి చంపితే ఆమె అగ్నిప్రవేశం చేసిందని కథ. జనం ఆమెను పేరంటాలు అంటారు.

ఈ మాట చూడండి. పేరంటానికి పిలవదగిన ముత్తయిదువ పేరంటాలు. మగడితో మంటల్లోకి వెళ్ళిన ఆడదీ పేరంటాలే. బతికి ఉన్న వితంతువుకి మాత్రం ఆ పేరు లేదు, ఆ పిలుపూ లేదు. మగడికన్నా ముందు పోతే పుణ్యస్త్రీ, పసుపు కుంకుమలతో పోయిందని ఊరంతా మెచ్చుకుంటుంది. మగడితో పోతే దేవత. తరవాత బతికితే ఎదురు రాకూడని మనిషి. చావులో కూడా మంచి చావు, చెడ్డ చావు అని మగడి చావుని కొలబద్దగా పెట్టి కొలిచారు.

సతిని బెంగాల్లో 1829 డిసెంబరులో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1830లో నిషేధించారు. ఆ నిషేధం చుట్టూ జరిగిన వాదోపవాదాల్లో స్త్రీ బాధ ఎక్కడా కేంద్రం కాదనీ, శాస్త్రం ఏమంటోంది, సంప్రదాయం అంటే ఏమిటి అని మగవాళ్ళు పోట్లాడుకోవడానికి ఆమె ఒక వేదిక మాత్రమేననీ లతా మణి 1998లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. నిషేధం వచ్చి నూటయాభై ఏళ్ళు దాటాక, 1987 సెప్టెంబరు 4న రాజస్థాన్‌లోని దేవ్‌రాలాలో పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్ మంటల్లో కాలిపోయింది. అది మా నాన్న పోయిన రెండేళ్ళకి. ఆ పేపరు అమ్మ చదివింది. మడిచి పక్కన పెట్టి, "ఆ పిల్లకి ఒక్కసారే అయిపోయింది" అంది. నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మాటకి జవాబు దొరకలేదు. సతిని కీర్తించారన్న కేసులో చివరి ఎనిమిది మందిని కూడా 2024 అక్టోబరులో జైపూర్ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది.

*

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారి మనిషి నుంచి మనిషికి గుండె మార్చాడు. బర్నార్డ్ పేరు అందరికీ తెలుసు. గుండె అందుకున్న వాష్కాన్‌స్కీ 18 రోజులు బతికాడనీ చాలామందికి తెలుసు. ఆ గుండె ఎవరిది? డెనిస్ డార్వాల్ అనే పాతికేళ్ళ అమ్మాయిది. రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసింది. ఆమె తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆస్పత్రిలో అనుమతి ఇచ్చింది తండ్రి. భార్యని పోగొట్టుకున్న కాసేపటికే కూతురి గుండె ఇవ్వడానికి ఒప్పుకున్న ఆ మనిషి మీద నాకు గౌరవమే. కానీ స్టెతస్కోపు నుంచి గుండె మార్పిడి దాకా ఈ చరిత్రలో ఆడమనిషి ఒళ్ళు ఉంటుంది, ఆమె మాట ఉండదు.

ఆ మరుసటేడే, 1968లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం కమిటీ మెదడు పనిచేయడం శాశ్వతంగా ఆగిపోవడాన్ని మరణానికి కొత్త కొలతగా ప్రతిపాదించింది. మన దేశంలో ఇప్పటికీ రెండు నిర్వచనాలు పక్కపక్కనే ఉన్నాయి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా మాయమవడం మరణం. 1994 అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం మరణాన్ని కూడా మరణమే అంది. నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు పెట్టాలి. కంటిలో వెలుగు వేసి చూస్తారు, కార్నియాని దూదితో తాకి చూస్తారు, గొంతులో కదిలించి చూస్తారు, చివరికి యంత్రం ఆపి ఊపిరి మొదలవుతుందేమో చూస్తారు. అన్నిటికీ అర్థం ఒకటే, పలుకుతావా అని అడగడం.

ఈ గీతకి ఇటువైపే నలభై రెండేళ్ళు ఉండిపోయిన ఒక స్త్రీని మనం మరిచిపోకూడదు. 1973 నవంబరు 27న ముంబైలోని కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సు అరుణా షాన్‌బాగ్‌పై అక్కడ ఊడ్చే పని చేసే మనిషి అత్యాచారం చేసి, గొలుసుతో మెడ బిగించాడు. మెదడు దెబ్బతింది, మెదడు కాండం బతికే ఉంది. అతనికి దొంగతనం, హత్యాయత్నం నేరాల కింద ఏడేళ్ళ శిక్ష పడింది, అత్యాచారం నేరం కింద ఏ శిక్షా లేదు. ఆమె మాత్రం 2015 మే 18 దాకా అదే ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆమెను వెళ్ళిపోనివ్వమని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ని 2011 మార్చి 7న సుప్రీంకోర్టు కొట్టేసింది, కానీ ఆ తీర్పులోనే కొన్ని షరతులతో వైద్యం ఉపసంహరించడానికి దారి ఇచ్చింది. తరతరాల నర్సులు ఆమెకి స్నానం చేయించారు, అన్నం తినిపించారు. విరానీ వాదన నాకు అర్థమవుతుంది. ఆ నర్సుల పట్టుదలా అర్థమవుతుంది. గౌరవంగా వెళ్ళిపోయే హక్కు గురించి ఆ స్త్రీ శరీరం మీద దేశమంతా వాదించింది. దేశం వాదిస్తున్నన్నాళ్ళూ మంచం మీద పక్క మార్చింది ఆ నర్సులు.

*

2016లో అమ్మకి మెదడులో రక్తనాళం చిట్లింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. మూడో రోజు డాక్టరు చెల్లినీ నన్నూ పిలిచారు. మెదడు కాండం పనిచేయడం లేదన్నారు. అమ్మ చేయి పట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది. ఛాతీ లేచి పడుతోంది. చావు విడతల గురించి పాఠాలు చెప్పగల మనిషినే, అయినా "ఊపిరి ఉంది కదండీ" అన్నాను. ఆ ఊపిరి యంత్రానిది.

కాగితాల దగ్గర ఒకాయన, "మగవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా సంతకానికి?" అన్నాడు. మేమిద్దరం ఆడపిల్లలమే. మా పెద్దనాన్న కొడుకు బయట ఉన్నాడు. సంవత్సరానికోసారి అమ్మని చూసేవాడు. ఆయన్ని పిలిచేలోపే మా చెల్లి ఆ కాగితం లాక్కుని సంతకం పెట్టింది. అమ్మ తన కళ్ళు ఇవ్వమని ముందే చెప్పింది. "ఏ శుభకార్యంలోనూ నా కళ్ళు పడకూడదన్నారుగా, ఎవరికైనా పెడితే వాళ్ళతో పాటు పెళ్ళిళ్ళు చూస్తాయి" అని నవ్వేది. ఆ సాయంత్రం ఐ బ్యాంకు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు.

ఇంటికి తెచ్చాక పంతులుగారు అడిగిన మొదటి మాట, "ఎన్నింటికి పోయిందమ్మా? తిథి, నక్షత్రం చూడాలి." ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు పాడుపెట్టాలి కాబట్టి ఆయనకి ఆ నిమిషం కావాలి. ఏ నిమిషం చెప్పను? తలలో నాళం చిట్లిన వేళా? డాక్టరు మమ్మల్ని పిలిచిన వేళా? యంత్రం ఆపాక గుండె నిలిచిపోయిన వేళా? నా మనసులో ఇంకో జవాబు కూడా ఉంది. 1985లో, బావి దగ్గర, తెల్లవారుజామున. కానీ ఆయన తప్పేముంది? ధ్రువపత్రంలో ఉన్న టైము చెప్పాను. ఆయన పంచాంగం చూసి, ఫరవాలేదమ్మా అన్నాడు.

పాడె లేచింది. మా పెద్దనాన్న కొడుకు కొరివి పెడతానన్నాడు. నేను పెడతానన్నాను. కాసేపు గొణుగుడు వినిపించింది. "ఏమోనమ్మా, రోజులు మారాయి" అని పంతులుగారు కుండ నా చేతికిచ్చారు. గుమ్మం దాటాను. చెల్లి కూడా దాటింది. వీధి చివర చింతచెట్టు దాటాక రోడ్డు వారగా ఒక చదును. అక్కడ పాడె దించారు. ఇంతేనా అనిపించింది. ఎండిన గడ్డి, రెండు రాళ్ళు, ఎవరో తాగి పారేసిన నీళ్ళ సీసా.

"చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలువమ్మా" అన్నారు.

వంగాను. నోట్లోంచి మాట రాలేదు. ఏడుపు వల్ల కాదు. ఏ పేరు పెట్టి పిలవాలో తోచక. నేను ఆమెను పుట్టినప్పటినుంచీ అమ్మా అనే పిలిచాను. నాన్న ఏమే అనేవాడు. ఊరికి ఆమె ఫలానా వారి కోడలు, తరవాత పలానా వారి అమ్మ, మధ్యలో ఎదురు రాకూడని మనిషి. ఆమె పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను విన్నది మా అమ్మమ్మ నోట, అదీ చిన్నప్పుడు. ఆ పేరు ఒక అమ్మవారిది. శ్రావణమాసంలో ఊరంతా ఆ అమ్మవారి వ్రతానికి ముత్తయిదువల్ని పిలుచుకుంటుంటే, ఆ పేరున్న మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు పెరటి వసారాలో కూర్చుంది.

దింపుడు కళ్ళంలో చనిపోయినవాళ్ళని పేరుతో పిలుస్తారు, పలుకుతారేమోనని. బతికున్నప్పుడు పేరుతో పిలవని మనిషి ఎందుకు పలకాలి?

ఒకసారి పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి నాతోపాటు మా చెల్లి కూడా పిలిచింది.

పలకలేదు. పాడె ఎత్తారు. మేమిద్దరం వెంట నడిచాం.